క్యూబిస్ట్ స్టిల్ లైఫ్ వేయడం ఎలా: ఒక గ్లాసు, ఒక సీసా, పాత న్యూస్‌పేపర్‌తో మొదలుపెట్టి

క్యూబిజం నేర్పే వీడియోల్లో చాలావాటిలో ఒకే చిట్కా ఉంటుంది. ముందు మామూలుగా ఒక సీసా బొమ్మ గీయమంటారు. తర్వాత స్కేలు పెట్టి దాని మీద అడ్డదిడ్డంగా గీతలు లాగి, ఏర్పడిన గళ్లలో ఒక్కోదానికి ఒక్కో రంగు నింపమంటారు. పిల్లల డ్రాయింగ్ క్లాసుకు అది మంచి ఆటే. కానీ ఆ గీతలకూ సీసాకూ ఏ సంబంధమూ లేదు. సీసా తీసేసి ఏనుగును పెట్టినా అవే గీతలు పడేవి.

క్యూబిజాన్ని పుట్టించిన చిత్రకారులు పాబ్లో పికాసో, జార్జ్ బ్రాక్ 1908 నుంచి 1914 వరకు ఫ్రాన్స్‌లో చేసిన పని వేరు. వాళ్ల స్టిల్ లైఫ్‌లో, అంటే బల్ల మీద పెట్టిన వస్తువుల బొమ్మల్లో, కనిపించే ముక్కలు ఆ వస్తువులను తిరిగి తిరిగి చూడడం వల్ల పుట్టినవి. పైనుంచి చూసినప్పుడు గుండ్రంగా కనిపించిన గ్లాసు అంచు ఒక ముక్క. పక్కనుంచి చూసినప్పుడు నిటారుగా ఉన్న దాని గోడ ఇంకో ముక్క. ఆ రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కన నిలబడతాయి. అందుకే ఈ గైడ్ అంతా ఒకే నియమం మీద నడుస్తుంది: కాగితం మీద ఏ గీత పడినా, "దీన్ని ఎక్కడినుంచి చూసి గీశారు?" అని ఎవరైనా అడిగితే మీ దగ్గర జవాబు ఉండాలి.

కాస్త నేపథ్యం

చరిత్ర మొత్తం అక్కర్లేదు, చేతికి పనికొచ్చేంత చాలు. యూరప్ చిత్రకారులు 15వ శతాబ్దం నుంచి పాటించిన పర్‌స్పెక్టివ్‌లో (చదును బొమ్మలో దూరాన్ని, లోతును చూపే పద్ధతిలో) చూసే కన్ను ఒక్కటే, అది నిలబడిన చోటూ ఒక్కటే. ఫ్రెంచ్ చిత్రకారుడు పాల్ సెజాన్ ఆ చోటు నుంచి మెల్లగా కదిలాడు. 1893 ప్రాంతంలో ఆయన వేసిన యాపిల్ పండ్ల బుట్ట బొమ్మ ఇప్పుడు షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. అందులో బల్ల అంచును ఎడమవైపు నుంచి వేలితో అనుసరించి చూడండి. మధ్యలో గుడ్డ కింద దాక్కుని, కుడివైపు బయటికి వచ్చేసరికి ఆ అంచు వేరే ఎత్తులో ఉంటుంది. సీసా కూడా కొంచెం ఒరిగి ఉంటుంది. 1904లో ఎమిల్ బెర్నార్ అనే యువ చిత్రకారుడికి రాసిన ఉత్తరంలో, ప్రకృతిని సిలిండర్, గోళం, శంకువు రూపాల్లో పట్టుకోమని సెజాన్ సలహా ఇచ్చాడు. 1906లో ఆయన చనిపోయాడు. మరుసటి ఏడాది పారిస్‌లో జరిగిన ఆయన స్మారక ప్రదర్శన కుర్ర చిత్రకారుల మీద గట్టి ప్రభావం చూపింది.

1908 వేసవిలో బ్రాక్, సెజాన్ బొమ్మలు వేసిన లెస్టాక్ అనే ఊరికే వెళ్లి, ఇళ్లను, చెట్లను మొద్దు ఘనరూపాలుగా వేశాడు. ఆ నవంబరులో పారిస్‌లోని కాన్‌వైలర్ గ్యాలరీలో ఆ బొమ్మలు పెట్టినప్పుడు, లూయీ వోసెల్ అనే విమర్శకుడు బ్రాక్ అన్నిటినీ క్యూబులుగా మార్చేస్తున్నాడని రాశాడు. పేరు అలా పుట్టింది. 1909 నుంచి 1912 దాకా వస్తువును విప్పి చూసే దశ, దాన్నే అనలిటిక్ క్యూబిజం అంటారు. 1912 నుంచి కాగితాలు అతికించి, పెద్ద పెద్ద పలకలతో వస్తువును కట్టే దశ, అది సింథటిక్ క్యూబిజం. మనం మొదటి దశతో బొమ్మ వేసి, చివర్లో రెండోదాన్ని రుచి చూద్దాం.

కావలసిన సామాను

చార్‌కోల్ కర్రలు, మెత్తని పుట్టీ రబ్బరు, ఏ3 కార్ట్రిడ్జ్ కాగితాలు ఒక పది. సుమారు 40 × 50 సెంటీమీటర్ల కాన్వాస్ లేదా కాన్వాస్ బోర్డు. అక్రిలిక్ రంగులు ఐదే: యెల్లో ఓకర్, రా అంబర్, బర్న్‌ట్ అంబర్, నలుపు, తెలుపు. తెలుపు పెద్ద ట్యూబు కొనండి, మిగతావాటికంటే అదే ముందు అయిపోతుంది. ఫ్లాట్ బ్రష్‌లు రెండు మూడు సైజుల్లో. మాస్కింగ్ టేపు. ఎరుపు, నీలం ఈసారికి ఇంట్లోనే దాచేయండి.

మొదటి అడుగు: వస్తువులను ఎంచుకోవడం

పికాసో, బ్రాక్ బొమ్మల్లో మళ్లీ మళ్లీ కనిపించేవి వయొలిన్, గిటార్, వైన్ సీసా, గ్లాసు, పొగపైపు, పేకముక్కలు, పండ్లపళ్లెం, దినపత్రిక. అవన్నీ వాళ్ల కెఫే బల్ల మీదా, స్టూడియో గోడ మీదా రోజూ ఉండేవే. ఈ ఎంపికకు పనికొచ్చే కారణం ఉంది. బాగా తెలిసిన వస్తువును గుర్తుపట్టడానికి చిన్న ఆనవాలు చాలు. వయొలిన్ పొట్ట మీద ఉండే ఎఫ్ ఆకారపు కంతల్లో ఒక్కటి కనిపించినా వయొలిన్ మొత్తం మనసులోకి వచ్చేస్తుంది. ఎవరికీ తెలియని వస్తువును ముక్కలు చేస్తే ముక్కలే మిగులుతాయి.

అందుకని మీ ఇంట్లో రోజూ చేతికి తగిలేవే తీసుకోండి. నా సలహా ఇది: ఒక గాజు గ్లాసు, పొడవాటి మెడ ఉన్న ఒక సీసా, మడిచిన దినపత్రిక, ఒక నిమ్మకాయ లేదా అరటిపండు. వంపులు ఎక్కువ ఉన్న వస్తువు కావాలంటే ఇత్తడి చెంబు చాలా బాగుంటుంది. మెడ సన్నగా, పొట్ట గుండ్రంగా, అంచు బయటికి విచ్చుకుని ఉంటుంది కాబట్టి ఏ కోణం నుంచి చూసినా కొత్త గీత దొరుకుతుంది. ఇంట్లో వయొలినో వీణో ఉంటే అదృష్టమే.

స్టీలు గ్లాసును మాత్రం మొదటి బొమ్మలో వద్దంటాను. దాని మీద గది అంతా ప్రతిబింబంగా, ముందే ముక్కలై కనిపిస్తుంది. మీరు ఆ మెరుపులను కాపీ కొడుతూ కూర్చుంటారు, గ్లాసు ఆకారాన్ని చూడరు. గాజు గ్లాసులో అయితే ముందు అంచు, వెనక అంచు, అడుగు అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. సగం పని అదే చేసిపెడుతుంది. పూలపూల డిజైన్లున్న వస్తువులూ పక్కన పెట్టండి.

రెండో అడుగు: బల్ల మీద అమర్చడం

వస్తువులను దగ్గర దగ్గరగా, ఒకదాన్ని ఒకటి కొంత కప్పేలా పెట్టండి. విడివిడిగా పెడితే తర్వాత వాటి పలకలు, అంటే వస్తువును విప్పినప్పుడు వచ్చే చదును ముక్కలు, ఒకదానిలోకి ఒకటి పారడం కష్టం. పేపరు బల్ల అంచు దాటి కొంచెం కిందికి వేలాడితే ఒక ఏటవాలు గీత ఉచితంగా దొరుకుతుంది. వెలుగు ఒక పక్కనుంచే రావాలి, కిటికీ చాలు. రెండు మూడు రోజులు ఎవరూ కదపని మూల వెతుక్కోండి, లేదా కదిపినా మళ్లీ పెట్టుకునేలా బల్ల మీద చాక్‌పీసుతో గుర్తులు పెట్టండి.

మూడో అడుగు: చుట్టూ తిరిగి చూడడం

ఈ అడుగును దాటేసిన వాళ్ల బొమ్మ దగ్గరే మొదట్లో చెప్పిన అడ్డగీతల జబ్బు కనిపిస్తుంది. కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు.

ఒక్కో వస్తువును కనీసం మూడు చోట్ల నుంచి చిన్న చిన్న స్కెచ్‌లు వేయండి. మొదటిది, కన్ను వస్తువు ఎత్తుకే వచ్చేలా కింద కూర్చుని. రెండోది, కుర్చీలో మామూలుగా కూర్చుని. మూడోది, నిలబడి నేరుగా పైనుంచి. సీసా లాంటిదాన్ని పక్కకు పడుకోబెట్టి అడుగు భాగాన్ని కూడా గీయండి. నీడలు వద్దు, గీతలు మాత్రమే. ఒక్కో స్కెచ్‌కు ఐదు నిమిషాలు దాటనివ్వకండి.

గ్లాసుతో ఏం జరుగుతుందో చూడండి. కన్ను అంచు ఎత్తులో ఉంటే ఆ అంచు ఒక సరళరేఖ. కుర్చీలోంచి చూస్తే అదే అంచు కోలగా ఉన్న దీర్ఘవృత్తం. పైనుంచి చూస్తే పూర్తి వృత్తం, దాని లోపల అడుగు ఇంకో చిన్న వృత్తం. ఈ మూడింటిలో అబద్ధం ఏదీ లేదు. మామూలు బొమ్మ వీటిలో ఒకదాన్ని ఉంచుకుని మిగతా రెండింటినీ వదిలేస్తుంది. మీరు మూడింటినీ ఉంచుకోబోతున్నారు.

స్కెచ్‌లన్నీ గోడకు టేపుతో అంటించి, బొమ్మ పూర్తయ్యేదాకా కళ్లముందు ఉంచుకోండి.

నాలుగో అడుగు: ఆనవాళ్లు ఏరడం

ఇప్పుడు ఒక్కో వస్తువుకు రెండు మూడు ఆనవాళ్లు ఎంచుకోండి. సీసాకు: భుజం వంపు, మెడ, లేబుల్ మూల. గ్లాసుకు: అంచు వృత్తం, అడుగున మందంగా ఉండే గాజు. పేపరుకు: మడత, హెడ్‌లైన్‌లో రెండు అక్షరాలు. నిమ్మకాయకు: కొసన ఉండే చిన్న మొన. చెంబుకు: మెడా పొట్టా కలిసే చోటి నొక్కు.

వీటిని కాగితం మీద రాసి పెట్టుకోండి. వస్తువును ఎంత విప్పినా, ఎంత చెదరగొట్టినా, ఈ ఆనవాళ్లలో కనీసం ఒకటి చెక్కుచెదరకుండా ఉండాలి. 1911, 1912 నాటికి పికాసో, బ్రాక్ బొమ్మలు దాదాపు ఏమీ పోల్చుకోలేనంత దూరం వెళ్లాయి. అయినా ఒక పైపు గొట్టం, ఒక వయొలిన్ తీగ, ఒక తాడు కుచ్చు ఎక్కడో ఒకచోట పట్టు ఇస్తుంది. వాళ్లిద్దరూ పూర్తి నైరూప్య చిత్రకళలోకి ఎప్పుడూ అడుగుపెట్టలేదు. వస్తువు ఉండాల్సిందే.

ఐదో అడుగు: ఒక్క గ్లాసును విప్పడం

మొత్తం బొమ్మకు వెళ్లే ముందు విడి కాగితం మీద గ్లాసుతో ఈ అభ్యాసం చేయండి. ఇక్కడ చేయి కుదిరితే మిగతాదంతా ఇదే పద్ధతి.

కాగితం మధ్యలో ఒక నిలువు గీత గీయండి. ఇది గ్లాసు ఇరుసు. గీతకు ఎడమవైపు, కింద కూర్చుని చూసిన గ్లాసు సగాన్ని గీయండి: పైన అడ్డగీత, పక్కన కొంచెం వాలిన గోడ, కింద అడ్డగీత. కుడివైపు, పైనుంచి చూసిన అంచులో సగం వృత్తాన్ని అలాగే పూర్తి వంపుతో గీయండి. ఎడమ సగం, కుడి సగం పైన సరిగ్గా కలవవు. కలవకూడదు కూడా.

తర్వాత కుడి సగాన్ని మొత్తంగా ఒక వేలు వెడల్పు కిందికి జార్చి మళ్లీ గీయండి. ఇరుసు దగ్గర ఒక మెట్టు ఏర్పడుతుంది. ఇప్పుడు అడుగు వృత్తం: మామూలుగా పైనుంచి చూస్తేనే కనబడేదాన్ని ఎడమ గోడ కింద పూర్తిగా గుండ్రంగా పెట్టండి. చివరగా గ్లాసు వెనక వెళ్లే బల్ల అంచు. గాజులోంచి చూస్తే అది విరిగినట్టు కనిపిస్తుంది కదా, ఆ విరుపును కొంచెం పెంచి, ఎడమ పక్క ఎత్తులోనూ కుడి పక్క కిందా గీయండి. సెజాన్ బల్ల అంచు గుర్తుందా? అదే ఇది.

ఇరుసు మీద చీల్చి జార్చే ఈ పద్ధతిని బాగా చూపించేవి హువాన్ గ్రీ బొమ్మలు. ఆయన మాడ్రిడ్‌లో పుట్టి, 1906లో పారిస్ వచ్చి, మోన్‌మార్త్‌లో పికాసో ఉన్న బాతో లవ్వార్ భవనంలోనే స్టూడియో పెట్టుకున్నాడు. పికాసో, బ్రాక్ బొమ్మల్లో పలకలు పొగలా కలిసిపోతుంటే, గ్రీ బొమ్మల్లో ఏ వస్తువును ఎక్కడ కోశాడో, ఎటు జరిపాడో స్పష్టంగా తెలుస్తుంది. నేర్చుకునేవాళ్లు మొదట గ్రీని చూడడమే మంచిదని నా అభిప్రాయం. సెజాన్ సీసాను సిలిండర్‌గా మారుస్తాడు, నేను సిలిండర్ నుంచి సీసాను చేస్తాను అన్నది గ్రీ మాటే. మొదటి బొమ్మకు మనం సెజాన్ దారినే నడుద్దాం.

ఇదే పద్ధతిలో సీసానూ ఒకసారి విప్పండి. మెడ ఒక కోణం నుంచి, భుజం ఇంకో కోణం నుంచి, అడుగు పూర్తి వృత్తంగా.

ఆరో అడుగు: కాగితం మీద కూర్పు

ఏ3 కాగితం మీద చార్‌కోల్‌తో ముందు ఆధారగీతలు: రెండు మూడు నిలువులు, ఒకటి రెండు అడ్డాలు, రెండు ఏటవాలు గీతలు. ఇవి గాల్లోంచి రాకూడదు. సీసా ఇరుసు ఒక నిలువు, బల్ల అంచు ఒక అడ్డం, వేలాడే పేపరు అంచు ఒక ఏటవాలు. వాటిని వస్తువు దగ్గర ఆపకుండా కాగితం మీదుగా కాస్త పొడిగించండి. సీసా నిలువు గీత పైకి వెళ్లి వెనక గోడలోనూ ఒక పలక అంచు అవుతుంది. వస్తువు, వెనక గోడ ఒకే నేతలో కలవడం ఇక్కడ మొదలవుతుంది.

వస్తువుల ముక్కలను మధ్యభాగంలో ఒత్తుగా, అంచులకు వెళ్లేకొద్దీ పలచగా పెట్టండి. ఆ కాలపు బొమ్మల్లో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నాలుగు మూలలూ ఎప్పుడూ చిక్కే. అక్కడ పెట్టడానికి ఏమీ ఉండదు, ఖాళీగా వదిలితే వెలితిగా ఉంటుంది. పికాసో, బ్రాక్ చాలాసార్లు కోలగా ఉన్న కాన్వాస్ తీసుకున్నారు, దానికి మూలలే ఉండవు కదా. మీరూ కాగితం మీద ఒక పెద్ద కోల ఆకారం గీసుకుని అందులోనే పని చేయొచ్చు.

ఇలాంటి కూర్పులు మూడు నాలుగు, పోస్టుకార్డు సైజులో, గబగబా వేసి వాటిలో ఒకటి ఎంచుకోండి. మొదట వేసినది అరుదుగా బాగుంటుంది.

ఏడో అడుగు: అంచులు తెరవడం

క్యూబిస్టు బొమ్మకూ, రంగు అద్దాల కిటికీకీ తేడా ఈ అడుగులోనే ఉంది. ప్రతి పలకకూ నాలుగు వైపులా గట్టి గీత ఉంటే అవి గళ్లు అవుతాయి, ఒక్కోటీ తన గదిలో బందీ. సెజాన్ బొమ్మల నుంచి నేర్చుకుని బ్రాక్, పికాసో చేసింది ఏమిటంటే, పలకకు రెండు మూడు వైపులే గీసి, ఒక వైపు తెరిచి వదిలేయడం. ఆ తెరిచిన వైపు నుంచి గ్లాసు గోడ మెల్లగా వెనక గోడలోకి పారిపోతుంది. ఎక్కడ గ్లాసు ఆగి గాలి మొదలైందో చెప్పలేం. ఫ్రెంచ్‌లో దీన్ని పాసాజ్ అంటారు.

చేయడం తేలికే. చార్‌కోల్ డ్రాయింగ్‌లో ఒక్కో పలకను తీసుకుని, ఒక అంచును పుట్టీ రబ్బరుతో తుడిచేయండి. ఏ అంచు? పక్కనున్న పలక టోన్ (ఎంత ముదురు, ఎంత తేలిక అన్నది) దీనికి దగ్గరగా ఉన్న వైపు. తుడిచిన చోట వేలితో చార్‌కోల్‌ను అటునుంచి ఇటు లాగండి. అన్ని పలకలకూ తెరవాల్సిన పని లేదు, ఆనవాళ్లున్న చోట గీతను గట్టిగానే ఉంచండి. సీసా భుజం వంపు, గ్లాసు అంచు, ఎఫ్ కంత లాంటివి చెరిగిపోతే బొమ్మ మొత్తం పొగమంచు అవుతుంది.

ఎనిమిదో అడుగు: వెలుగును పంచడం

కిటికీ ఎడమవైపు ఉంది కాబట్టి నీడలన్నీ కుడివైపు పడాలి అన్న అలవాటును ఇక్కడ సడలించాలి. ఒక్కో పలకకు దాని సొంత వెలుగు. పలకలో ఒక అంచు దగ్గర ముదురుగా మొదలుపెట్టి, ఎదురు అంచుకు వెళ్లేసరికి తేలికచేయండి. పక్క పలకలో దీనికి తిరగేసి. ముదురు అంచు పక్కన తేలిక అంచు వచ్చినప్పుడు ఆ పలక కొంచెం ముందుకు వంగినట్టు అనిపిస్తుంది. బొమ్మ అంతటా ఇలా అర అంగుళం లోతు ఉన్న భ్రమ వస్తుంది, అంతకుమించి వెనక్కి వెళ్లదు.

ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి చూడండి. మూడు టోన్లు స్పష్టంగా ఉండాలి: తేలిక, మధ్యరకం, ముదురు. అన్నీ మధ్యరకంగానే ఉంటే ముందు చార్‌కోల్‌లోనే సరిచేసుకోండి. రంగు వేశాక ఈ లోపం పోదు, ఇంకా ముదురుతుంది.

తొమ్మిదో అడుగు: రంగు

అంత తక్కువ రంగులు ఎందుకని చాలామంది అడుగుతారు. పసుపుపచ్చ నిమ్మకాయ, ఆకుపచ్చ సీసా అని వేస్తే కన్ను వెంటనే రంగును బట్టి వస్తువులను విడదీస్తుంది. అంత కష్టపడి కలిపిన పలకలు మళ్లీ ఎవరి హద్దులో అవి సర్దుకుంటాయి. అందుకే 1910, 1911 బొమ్మల్లో గోధుమ, బూడిద, మట్టిరంగులే ఎక్కువ. ఆకారం ముందు తేలాలి, రంగు తర్వాత రావొచ్చు. 1912 తర్వాత అది నిజంగానే వచ్చింది.

డ్రాయింగ్‌ను కాన్వాస్ మీదికి పలచటి రా అంబర్‌తో ఎక్కించండి. తర్వాత ముదురు పలకలు ముందు, తేలిక పలకలు చివర. నలుపును ఓకర్‌తో కలిపితే మట్టి ఆకుపచ్చ వస్తుంది, సీసాకు అంత చాలు. బర్న్‌ట్ అంబర్‌లో తెలుపు కలిపితే వెచ్చని బూడిద, నలుపులో తెలుపు కలిపితే చల్లని బూడిద. ఈ రెండు బూడిదలనూ పక్కపక్కన వాడండి, ఐదు రంగుల్లో ఎంత వైవిధ్యం ఉందో అప్పుడు తెలుస్తుంది.

కుంచెను పొడవుగా లాగకండి. ఫ్లాట్ బ్రష్‌తో చిన్న చిన్న అడ్డం దెబ్బలు, ఇటుకల వరసలా, ఒకదాని పక్కన ఒకటి వేయండి. వస్తువు మీదా, వెనక గోడ మీదా అదే దెబ్బ, అదే సైజు. గాజు, చెక్క, గాలి అన్నీ ఒకే పదార్థంతో చేసినట్టు కనిపించడానికి ఈ దెబ్బలే కారణం. అక్రిలిక్ మన ఎండాకాలంలో ప్యాలెట్ మీదే గట్టిపడిపోతుంది. ఫ్యాను ఆపి, ప్యాలెట్ మీద అప్పుడప్పుడు నీళ్లు చిలకరిస్తూ, ఒకసారికి రెండు మూడు పలకలే పూర్తిచేయండి. తెరిచిన అంచుల దగ్గర రంగు తడిగా ఉండగానే కలపాలి. ఆరిపోతే, పలచటి పొరతో మళ్లీ కప్పి కలపండి.

పదో అడుగు: అక్షరాలు, మేకు

బ్రాక్ తండ్రి ఇళ్లకు రంగులు వేసే డెకరేటర్. బ్రాక్ కూడా ఆ పనే నేర్చుకున్నాడు. స్టెన్సిల్ అక్షరాలు, చెక్కలా కనిపించే రంగుపూత లాంటి పెయింటర్ల కిటుకులు అతని చేతిలో ముందే ఉన్నాయి. 1911లో అతను పోర్చుగీసువాడు అనే బొమ్మలో స్టెన్సిల్ అక్షరాలు వేశాడు. అక్షరం ఎప్పుడూ చదునుగానే ఉంటుంది, దాన్ని ఏ కోణం నుంచి చూసినా అది కాగితం మీదే పడుకుని ఉంటుంది. చుట్టూ ఉన్న పలకలు ముందుకూ వెనక్కూ వంగుతుంటే, ఆ చదును అక్షరం ఇది కాన్వాస్ అని గుర్తుచేస్తుంది.

మీ పేపరు హెడ్‌లైన్ నుంచి రెండు మూడు తెలుగు అక్షరాలే తీసుకోండి. పూర్తి మాట వద్దు, చదవడం మొదలుపెడితే చూడడం ఆగిపోతుంది. రోమన్ అక్షరాలు ఎక్కువగా నిలువు, అడ్డం గీతలు. మన అక్షరాలు గుండ్రాలు. అందుకే వాటిని గ్లాసు అంచు, సీసా మూతి దగ్గర పెడితే ఆ వృత్తాలతో చక్కగా పలుకుతాయి. స్టెన్సిల్ కోసేటప్పుడు ఒక చిక్కు: ఠ, ర లాంటి అక్షరాల్లో మూసుకుపోయిన గుండ్రం మధ్యభాగం ఊడి పడిపోతుంది. దాన్ని పట్టి ఉంచడానికి సన్నని పట్టీ ఒకటి వదిలి కోయండి. ఆ పట్టీ వల్ల అక్షరంలో వచ్చే ఖాళీని రంగుతో పూడ్చకండి, స్టెన్సిల్‌కు అదే అందం.

బ్రాక్ ఇంకో తమాషా చేశాడు. వయొలిన్, కూజా ఉన్న 1910 నాటి బొమ్మ ఒకటి బాసెల్ మ్యూజియంలో ఉంది. అంతా పలకలుగా చిట్లిపోయిన ఆ బొమ్మ పైభాగంలో ఒక మేకును నీడతో సహా పాత పద్ధతిలో, నిజం మేకులా వేశాడు. ఒక్క మేకు పక్కన మిగతా బొమ్మ ఎంత వేరే పద్ధతిలో ఉందో తెలిసిపోతుంది. మీరూ ఒక చిన్న వస్తువును, అగ్గిపుల్లనో గుండుపిన్నునో, అలా వేసి చూడొచ్చు. ఒకటి చాలు.

పదకొండో అడుగు: తనిఖీ

బొమ్మను గోడకు ఆనించి దూరంగా వెళ్లి చూడండి. తర్వాత ఇంట్లో ఎవరినైనా పిలిచి ఏమేం కనిపిస్తున్నాయో చెప్పమనండి. నాలుగు వస్తువుల్లో రెండు వెంటనే చెప్పి, మూడోదాన్ని కాస్త వెతికి పట్టుకుంటే బాగా కుదిరినట్టే. నాలుగూ టక్కున చెప్పేస్తే మీరు ఇంకా మామూలు బొమ్మే వేస్తున్నారు, ఐదో అడుగుకు వెళ్లి ఇంకో వస్తువును విప్పండి. ఒక్కటీ చెప్పలేకపోతే ఆనవాలు ఎక్కడో చెరిగింది. గీత గట్టిచేస్తే సరిపోతుంది, బొమ్మంతా మార్చక్కర్లేదు.

అద్దాల కిటికీలా ఉందనిపిస్తే ఏడో అడుగు సరిగా జరగలేదు. నల్లటి ఔట్‌లైన్లలో సగానికి సగం తెలుపు కలిపిన బూడిదతో కప్పేయండి. బురదలా ఉందనిపిస్తే తెలుపు తక్కువైంది. అంచుల దాకా అన్నీ కిక్కిరిసి ఉంటే, బయటి పలకలను పలచటి ఓకర్ పొరతో వెనక్కి నెట్టండి.

ఈ పలకల భాష మన దేశంలోకీ త్వరగానే వచ్చింది. 1920ల్లో కలకత్తాలో గగనేంద్రనాథ్ ఠాగూర్ దాన్ని తీసుకున్నాడు, కానీ సీసాలూ గ్లాసులూ ఆయనకు పట్టలేదు. మెట్లు, గదులు, వెలుగునీడలతో కలలాంటి భవనాలు కట్టాడు. ఆయన బొమ్మలు చూస్తే, పద్ధతి ఒకటే అయినా వేసేవాళ్ల అవసరం వేరైతే బొమ్మ ఎంత మారిపోతుందో తెలుస్తుంది.

పన్నెండో అడుగు: అతికించి కట్టడం

1912 మే నెలలో పికాసో ఒక చిన్న కోల కాన్వాస్ మీద, కుర్చీ అల్లిక డిజైను అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ అతికించి, చుట్టూ నిజమైన తాడు బిగించాడు. అదే ఏడాది సెప్టెంబరులో బ్రాక్, అవిన్యాన్‌లోని ఒక దుకాణంలో చెక్క డిజైను వాల్‌పేపర్ కొని, ముక్కలు కోసి, బొగ్గుతో గీసిన పండ్లపళ్లెం, గ్లాసు బొమ్మ మీద అతికించాడు. అక్కడినుంచి దారి మారింది. వస్తువును విప్పుకుంటూ పోవడం మాని, విడి ముక్కల నుంచి వస్తువును కట్టడం మొదలైంది.

అవే వస్తువులతో రెండో బొమ్మ ఇలా చేయండి. మందపాటి కాగితం మీద ముందు నాలుగైదు పెద్ద ముక్కలు అతికించండి: పాత పేపరు, చెక్క డిజైను అంటించే షీటు, ప్యాకింగు కాగితం. అవి వస్తువు ఆకారంలో ఉండనక్కర్లేదు. తర్వాత చార్‌కోల్‌తో సీసా, గ్లాసు వాటి మీదుగా గీయండి, గీత ముక్క హద్దును దాటిపోవాలి. చెక్క షీటు ఒకచోట బల్ల అవుతుంది, ఇంకోచోట వయొలిన్ పొట్ట అవుతుంది, ఏదనేది గీత నిర్ణయిస్తుంది. చెక్క షీటు దొరక్కపోతే బ్రాక్ పద్ధతే ఉంది: ఓకర్ రంగు తడిగా ఉండగా పళ్లదువ్వెనతో మెలికలు తిప్పుతూ లాగండి. బ్రాక్ రంగులో ఇసుక కూడా కలిపాడు. జల్లించి కడిగి ఆరబెట్టిన సన్నని ఇసుకైతే అక్రిలిక్‌లో బాగా అంటుకుంటుంది.

న్యూస్‌పేపర్‌కు ఫెవికాల్‌ను నీళ్లతో పలచ చేసి, సన్నటి పొరగా రాసి, పైన శుభ్రమైన కాగితం వేసి, లావు పుస్తకాల కింద ఒక రాత్రి ఉంచండి, లేదంటే ముడతలు వస్తాయి. పేపరు కొన్నేళ్లకు గోధుమరంగుకు తిరుగుతుంది. పికాసో కొలాజ్‌లలోని పేపర్లకూ అదే జరిగింది. ఆ మార్పు వద్దనుకుంటే పేపరును మంచి కాగితం మీద జిరాక్స్ తీయించి ఆ కాపీని అతికించండి.

సంతకం ముందువైపు పెట్టకండి. బొమ్మ ఎదుట పేరు రాస్తే అది కూడా ఒక అక్షరాల ముక్కై, మీరు తూచి పెట్టిన కూర్పును ఒక మూలకు లాగుతుంది. పికాసో, బ్రాక్ కూడా ఆ ఏళ్లలో చాలా బొమ్మల వెనకే సంతకం చేశారు. కాన్వాస్ వెనక పేరు, తేదీ, బల్ల మీద ఏమేం పెట్టారో ఒక జాబితా రాసి, స్కెచ్‌లను ఒక కవరులో పెట్టి అక్కడే అంటించండి. రెండో బొమ్మకు అవే స్కెచ్‌లు పనికొస్తాయి.